‘మా భూమి’ ఏ భాష చిత్రం?

యుద్ధ చిత్రమనగానే మన విద్యార్థుల కన్నులయెదుట మెదిలేవి సరిహద్దులు, విమానాలు, ఫిరంగులు, ఎక్కడో దూరదేశపు మంచు మైదానాలు. యుద్ధమన్నది పత్రికలలో చదువదగినదేగాని, ఇంటి అరుగుమీద కూర్చున్న తాతగారిని అడిగి తెలిసికొనదగినది కాదన్న భావం మనలో స్థిరపడిపోయినది. నవల ఆధారంగా తీసిన యుద్ధ చిత్రాలలో ప్రపంచమంతటా పేరెన్నికగన్నది రిమార్క్ రచన. 1929లో జర్మన్ భాషలో పుస్తకంగా వెలువడిన ఆయన నవల మరుసటి సంవత్సరమే అమెరికాలో ‘ఆల్ క్వయట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్’ అను చలనచిత్రమైనది. కందకాలలో నలిగిపోయిన పడుచు సైనికుల గాథ అది. గొప్ప చిత్రమే, కాదనము. అయితే కందకం త్రవ్వనవసరం లేకుండ కళ్ళం మీదికే, కొట్టంలోనికే, వంటింటిలోనికే నడచివచ్చిన యుద్ధమొకటి మన తెలంగాణంలో 1946 నుండి 1951 వరకు సాగినది. దానిమీద ఒక నవల వచ్చినది. ఆ నవలనుండి ఒక చిత్రం వచ్చినది. చిత్రం పేరు ‘మా భూమి’. నవల పేరు ‘జబ్ ఖేత్ జాగే’. చిత్రం తెలుగు, నవల ఉర్దూ. ఈ రెండు భాషలను పక్కపక్క గదులలో బోధించే మన కళాశాలలో ఈ సంగతికి దక్కవలసిన స్థానం దక్కలేదని మా అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని విద్యార్థుల ముందు, పాలకవర్గపు పెద్దల ముందు విన్నవించుటకే ఈ వ్యాసం.

ముందుగా చిత్రం సంగతి. 1980లో విడుదలైన ‘మా భూమి’ నలుపు తెలుపుల చిత్రం. దాని నిర్మాణభారాన్ని మోసినవారిలో ముఖ్యులు మెదక్ ప్రాంతానికి చెందిన బి. నరసింగరావు గారు. దర్శకుడు గౌతమ్ ఘోష్ కలకత్తా నుండి వచ్చిన బెంగాలీ యువకుడు. కథాచిత్రం తీయుట ఆయనకదే మొదటిసారి. కథానాయకుడు రామయ్య పాత్ర ధరించిన సాయిచంద్ ప్రసిద్ధ నవలాకారుడు త్రిపురనేని గోపీచంద్ గారి కుమారుడు. తరువాతి కాలంలో తెలంగాణ శకుంతలగా పేరు గాంచిన నటి తొలుత తెరకెక్కినది ఈ చిత్రంలోనే. పోరాట దళంలో పనిచేసిన బండి యాదగిరి కట్టిన పాటను గద్దర్ తెరమీద పాడినారు. పసులు కాచే పిల్లవానిపై సుద్దాల హనుమంతు గారు వ్రాసిన పాట కూడ ఇందులో ఉన్నది. ఒకసారి విన్నవారికి అది చాలకాలం చెవులలో మెదలుతూనే ఉంటుంది. పెద్ద తారలు లేరు. రంగుల హంగులు లేవు. అయినను హైదరాబాదులో ఉదయపు ఆటలుగా చాలాకాలం ఆడినది.

కథ నల్లగొండ సీమలో ఒక పల్లెది. పేద రైతు వీరయ్య కొడుకు రామయ్య. అతడు మనసుపడిన చంద్రి లంబాడీ పిల్ల. దొర గడీ నీడ ఆమెమీద పడుతుంది. సహించలేక రామయ్య ఊరు విడిచి సూర్యాపేటకు, అక్కడినుండి హైదరాబాదుకు చేరుకొని రిక్షా త్రొక్కుతాడు, కార్ఖానాలో చేరుతాడు. అక్కడ అతనికి మక్బూల్ అనే కార్మిక నాయకుడు పరిచయమవుతాడు. అక్షరం నేర్పినవాడు, లోకం చూపినవాడు ఆ మక్బూలే. ఆ చదువుతో తిరిగి ఊరికి వచ్చిన రామయ్య సంఘంలో చేరి వెట్టిని ఎదిరిస్తాడు, దొరల భూములు పంచుతాడు, రజాకార్లతో పోరాడుతాడు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం ప్రవేశించగానే పారిపోయిన దొర గాంధీ టోపీ పెట్టుకొని తిరిగి గడీలో కాలు మోపుతాడు. పోరు మళ్ళీ మొదలవుతుంది. రామయ్య ప్రాణం విడుస్తాడు.

ఇక నవల సంగతి. దానిని వ్రాసిన కృష్ణచందర్ 1914లో హిందూ కుటుంబంలో పుట్టి, బాల్యం కాశ్మీరపు పూంఛ్‌లో గడిపి, జీవితమంతా ప్రధానంగా ఉర్దూలోనే రచన సాగించినవాడు. హైదరాబాదు ఆయనకు కొత్త ఊరు కాదు. 1945లో ఇక్కడ జరిగిన ఉర్దూ అభ్యుదయ రచయితల మహాసభకు వచ్చి, ఆ ప్రయాణాన్ని ‘పౌదే’ అను పుస్తకంలో వర్ణించినాడు. 1943 నాటి బెంగాలు కరవుపై ఆయన వ్రాసిన ‘అన్నదాత’ కథ అంతకు మునుపే ఖ్యాతి గడించినది. ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ 1946లో తీసిన ‘ధర్తీ కే లాల్’ చిత్రానికి అదికూడ ఒక ఆధారం. తెలంగాణ పోరాటపు వేడి చల్లారకముందే ఆయన ‘జబ్ ఖేత్ జాగే’ వ్రాసినాడు. ‘పొలాలు మేల్కొన్నప్పుడు’ అని దానికి అర్థం చెప్పుకొనవచ్చును. 1977 మార్చిలో ఆయన కన్నుమూసినాడు. తన నవల తెలుగు తెరమీద మేల్కొనుట చూచే భాగ్యం ఆయనకు లేకపోయినది.

‘మా భూమి’ అనే పేరు విని కొందరు పొరబడుతుంటారు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్లు 1947లో వ్రాసిన ‘మా భూమి’ నాటకం వేరు. కోస్తా జిల్లాల ఊరూర ఆడిన నాటకమది. చిత్రం దాని పేరును మాత్రమే పోలినది; కథ కృష్ణచందర్‌ది. కాని చూడండి, ఆ నాటకానికి ప్రేరణ ఎవరు? షేక్ బందగీ. కామారెడ్డిగూడెంలో తన చెక్క భూమికోసం విసునూరు దేశ్‌ముఖ్‌పై కోర్టుకెక్కి, ఏండ్ల తరబడి పోరాడి, 1940లో ఆ దొర మనుషుల చేతిలో హతుడైన పేద ముసల్మాను రైతు. దొడ్డి కొమరయ్య నెత్తురు చిందిన 1946 జూలై 4 కంటె ఇది ఆరేండ్ల ముందటి మాట. అనగా పేరు నాటకానిదైనను కథ నవలదైనను, రెండు ‘మా భూమి’ల వేళ్ళును మన ఉర్దూ పుటలవైపే సాగుచున్నవి.

ఇంకొక చిత్రమైన విషయం ఇక్కడే చెప్పవలెను. ‘మా భూమి’కి మూడేండ్ల ముందు, 1977లో, మృణాల్ సేన్ తెలుగులో ‘ఒక ఊరి కథ’ తీసినారు. ఆధారం ప్రేమచంద్ ‘కఫన్’. హిందీ కథగా మనం పాఠ్యపుస్తకాలలో చదివే ‘కఫన్’ మొట్టమొదట 1935లో ఉర్దూలోనే, ‘జామియా’ పత్రికలో అచ్చయినది. మూడేండ్ల వ్యవధిలో ఇద్దరు బెంగాలీలు రెండు ఉర్దూ కథలను రెండు తెలుగు చిత్రాలుగా మలచినారన్నమాట. ఆ చిత్రాలు రెండును తెలుగు చిత్రసీమకు గౌరవం తెచ్చిపెట్టినవే. భాషలకు గోడలు కట్టే పని మనం చేస్తూ ఉండగా కథలు మాత్రం గోడ దూకి వెళ్ళిపోతున్నవి!

నవలనుండి చిత్రమైనప్పుడు ఏమి పోయినది, ఏమి వచ్చినది? నవలలో నాయకుని పేరు రాఘవరావు, వయసు ఇరువదిరెండు. తెల్లవారితే ఉరి. ఆ చివరి రాత్రి జైలుగదిలో కూర్చొని తన బ్రతుకును నెమరువేసుకొనుటే నవల. కనుక అందులో సంఘటన కంటె స్మృతి ప్రధానం. ఒక్క మనిషి అంతరంగంలోనుండి ఊరు కనిపిస్తుంది. కృష్ణచందర్ శైలి కవితామయం. కొందరికది మితిమీరినట్లు తోచును, మాకును ఒకటి రెండు చోట్ల తోచినది. చిత్రం ఆ జైలు గదిని వదలిపెట్టినది. నాయకుని పేరు మార్చి రామయ్య అన్నది. స్మృతికి బదులు వరుసగా సాగే ఊరి చరిత్రను చూపినది. గడీ మెట్లు, వెట్టికి పోయే వరుసలు, జాతర, పాట, దుమ్ము, ఆకలి: ఇవి నవలలో వాక్యాలు, చిత్రంలో ముఖాలు. ఉరికంబపు టేకాంతం పోయినది, ఊరంతా వచ్చినది. మా మట్టుకు మాకు ఈ బేరంలో నష్టం లేదనిపించినది. కాని నవల చదువక చిత్రం మాత్రమే చూచినవానికి రాఘవరావు ఆ రాత్రి ఏమేమి తలచుకొన్నాడో ఎన్నటికీ తెలియదు. చిత్రం చూడక నవల మాత్రమే చదివినవానికి ఆ ఊరి మాట, యాస, పాట చెవిని పడవు. ఉర్దూ విభాగంవారికి సగం, తెలుగు విభాగంవారికి సగం దక్కినది.

కొందరు మిత్రులు అనవచ్చును: తెలుగు రైతుల పోరాటానికి ఉర్దూతో ఏమి సంబంధం? అది నిజాం ప్రభుత్వపు భాష గదా, దోచుకొన్నవారి భాష గదా? ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. హైదరాబాదు రాజ్యంలో కచ్చేరీ భాష ఉర్దూ. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయపు బోధనాభాష ఉర్దూ. తెలుగు బిడ్డకు తన భాషలో పై చదువు లేకపోయినది. ఆ బాధ నిజమైనది. మన గద్వాల సీమలోని ఇటికాలపాడులో జన్మించిన సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో ‘గోలకొండ’ పత్రికను నెలకొల్పినదీ, తెలంగాణంలో కవులే లేరన్న ఆక్షేపణకు 1934లో మూడువందల యేబదినలుగురు కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించి బదులు చెప్పినదీ ఆ బాధ వల్లనే. అయితే ఆ ప్రతాపరెడ్డి గారే ఉర్దూ, పారసీకాలు కూలంకషంగా ఎరిగినవారు. భాషమీద పగ లేక, తన భాషకై పోరాడవచ్చునని చూపిన పెద్దమనిషి. 1952లో వనపర్తి ప్రజలు ఆయనను శాసనసభకు పంపినారు.

ఇక దోచుకొన్న మాటల లెక్క చూతము. పట్టా, జప్తు, బేదఖలు, జమాబందీ, ఫైసలా — భూమి చేజారిపోయిన మాటలన్నియు ఉర్దూ దారిన వచ్చినవే; నిజం. కాని జులుం అన్న మాట ఎక్కడిది? జిందాబాద్ ఎక్కడిది? హక్కు ఎక్కడిది? ‘మా హక్కు’ అని తెలుగు పల్లెలో వృద్ధురాలు కూడ అంటుంది. ఆ మాట అరబ్బీనుండి బయలుదేరి ఉర్దూ మీదుగా ఆమె నాలుకకు చేరినదని ఆమెకు తెలియదు, తెలియనవసరమును లేదు. అంతెందుకు, ‘రైతు’ అన్న మాటే అరబ్బీ ‘రయ్యత్’ నుండి వచ్చినది. భూమి పోయినప్పుడు ఏ భాషలో పోయినదో, భూమి కావలెనన్న కేక కూడ సగం ఆ భాషలోనే లేచినది. నేటికిని మన మూడు జిల్లాలలో పొలం తగవు వచ్చినదంటే 1954-55 నాటి ఖాస్రా పహాణీ తీయవలసినదే, అంతకు ముందటి సేత్వారు వెదకవలసినదే. అవి ఉర్దూలో వ్రాసి ఉన్నవి. ఉర్దూ చదువగల ముసలివారి ఇంటికోసం తెలుగు రైతులు కాగితాలు చేతబట్టుకొని తిరుగుట ఈ ప్రాంతంలో ఎరుగనివారెవరు? పొలానికి రెండు భాషలు వచ్చును. మనకే రావు.

యుద్ధంలో ఎవరు ఏ పక్షాన నిలిచినారన్నది ఇంకను ముఖ్యమైన మాట. పుచ్చలపల్లి సుందరయ్య గారు 1972లో వెలువరించిన పోరాట చరిత్రలో కొన్ని లెక్కలు ఇచ్చినారు. జన్నారెడ్డి ప్రతాపరెడ్డి అను ఒక్క దొరకు లక్షన్నర ఎకరాలు; విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి నలువదివేల ఎకరాలు. వీరెవరును ముసల్మానులు కారు. రజాకార్ల నాయకుడు కాశిం రజ్వీ అయితే, ఆ కాలపు లాయక్ అలీ మంత్రివర్గంలో ఉపప్రధానిగా కూర్చున్నవారు పింగళి వెంకటరామారెడ్డి గారు. అవతలి పక్షాన చూడండి: కవి మఖ్దూం మొహియుద్దీన్, ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్. నిజాం భారత యూనియనులో చేరవలెనని, రజాకార్ల ఆగడాలు ఆగవలెనని ఉర్దూ పత్రికలో నిర్భయంగా వ్రాసినందుకు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో నడివీథిలో నరికి చంపినారు. అప్పటికి ఆయనకు ముప్పదేండ్లు నిండలేదు. గీత మతంమీదుగా సాగలేదు, భూమిమీదుగా, అధికారంమీదుగా సాగినది. ఈ సత్యాన్ని కృష్ణచందర్ ఉపన్యాసంగా చెప్పలేదు. రైతుబిడ్డకు కళ్ళు తెరిపించే పనిని మక్బూల్‌కు అప్పగించి ఊరకున్నాడు. చిత్రం ఆ మక్బూల్‌ను చెక్కుచెదరనీయక నిలుపుకొన్నది. ఈ ఒక్క కారణం చాలును, ఈ చిత్రం మన కళాశాలదని చెప్పుటకు.

మరి పాలమూరు మాట? ఉద్యమానికి పట్టుకొమ్మలు నల్లగొండ, వరంగల్లు, ఖమ్మం సీమలు. మన గద్వాల, వనపర్తి, కొల్లాపురం, ఆత్మకూరు నాడు సంస్థానాలు. రాజుల కోటలు, పండిత గోష్ఠులు, శతావధానాలు. ‘విద్వద్గద్వాల’ అన్న బిరుదు మనకు ఊరకే రాలేదు. కాని ఆ గోష్ఠుల చప్పుడులో వెట్టివాని మూలుగు వినబడలేదనుట కూడ నిజమే. మన ప్రాంతం బొత్తిగా నిద్రించినదని కూడ అనరాదు. 1947 అక్టోబరులో ఆత్మకూరు సమీపాన అప్పంపల్లిలో పోలీసు కాల్పులలో గ్రామస్థులు నేలకొరిగినారు. 1948 తరువాత సైన్యపు ఒత్తిడికి దళాలు కృష్ణకు ఇరువైపుల అడవులకు తరలినప్పుడు నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని అమరాబాదు, అచ్చంపేట నల్లమల వారికి ఆశ్రయమైనది. 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం వచ్చినవి. ఆ చట్టాల వెనుక ఉన్న ఒత్తిడి ఎక్కడినుండి వచ్చినదో వేరుగా చెప్పవలెనా? ఇప్పుడు గద్వాల కోటలో డిగ్రీ కళాశాల నడుస్తున్నది, వనపర్తి రాజప్రాసాదంలో పాలిటెక్నిక్ నడుస్తున్నది. రామయ్యవంటివాని మనుమలు ఆ మెట్లెక్కి హాజరు చెబుతున్నారు.

చిత్రం చూచే పాలమూరు విద్యార్థికి మరొక చోట గుండె పట్టేస్తుంది. రామయ్య మూట కట్టుకొని పట్నం బయలుదేరే ఘట్టమది. దేశంలో ఎన్ని ఆనకట్టల రాళ్ళు పాలమూరు కూలీలు మోసినారో లెక్క ఎవరు వ్రాసినారు? మేస్త్రీ వద్ద బయానా తీసికొని, పసిబిడ్డలను వెంటబెట్టుకొని, ఇంటికి తాళం వేసి వెళ్ళిన కుటుంబాలు మన తరగతి గదులలోనే ఉన్నవి. చంద్రి పుట్టినటువంటి తండాలు అచ్చంపేట చుట్టును, వనపర్తి చుట్టును ఎన్ని లేవు! ఈ చిత్రాన్ని కలకత్తాలోనో విదేశపు ఉత్సవాలలోనో చూచి మెచ్చుకొన్నవారికి అది ఒక కళాఖండం. మనకది చుట్టం.

ఇన్ని మెచ్చుకోళ్ళ నడుమ ఒక లోపం చెప్పకపోతే న్యాయం కాదు. 1948 సెప్టెంబరు 13 నుండి 17 వరకు జరిగిన పోలీసు చర్య తరువాత దొరలు తిరిగివచ్చిన తీరును చిత్రం నిష్కర్షగా చూపినది. కాని ఆ దినాలలోనే, రజాకార్లతో ఏ సంబంధమును లేని పేద ముసల్మానుల ఇండ్లమీద పడిన ఆపదవైపు అది చూపు సారించలేదు. నెహ్రూ ప్రభుత్వం పంపగా పండిత సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్, మౌలానా మిస్రీ గార్లు 1948 చివర రాజ్యమంతా తిరిగి ఒక నివేదిక సమర్పించినారు. చనిపోయినవారి సంఖ్య ఇరువదియేడు వేలనుండి నలువది వేలవరకు ఉండవచ్చునని వారి అంచనా. మిక్కిలి దెబ్బతిన్న జిల్లాలు ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడ్. అందులో గుల్బర్గా మన పాలమూరును ఆనుకొన్నదే. ఆ నివేదిక 2013 వరకు జనులకు అందుబాటులోనికి రాలేదు. దానిలోనే మరొక మాట కూడ ఉన్నది. అనేక చోట్ల హిందువులు తమ ముసల్మాను ఇరుగుపొరుగులను కాపాడినారట. హిందూ నేతపనివారు ముసల్మాను నేతపనివారిని రక్షించుటకు తమ ప్రాణాలు సైతం ఒడ్డినారట. మగ్గాల ఊరైన గద్వాలలో ఈ మాటను పెద్ద అక్షరాలతో వ్రాసి పెట్టవలెను. 1980లో చిత్రం తీసినవారికి ఆ నివేదిక చేతికి రాలేదు. అయినను ఆ సంఘటనలు ఎరిగిన మనుషులు నాడు ప్రతి ఊరను సజీవులై యుండిరి. అడిగియుంటే మక్బూల్ కథకు మరొక అధ్యాయం దొరికేది.

ఈ విషయాలు మాట్లాడుటకు మన కళాశాల జంకుతున్నదని మాకు తోచుచున్నది. జంకుకు కారణాలు లేకపోలేదు. ముసల్మానుల ఇండ్లలో 1948 ఊసు ఎత్తరు. పెద్దలు ఏదో చెప్పబోయి, పిల్లలు వచ్చినారని మాట మార్చుతారు. హిందువుల ఇండ్లలో రజాకార్ల పేరు ఎత్తుతారు, దొర పేరు ఎత్తరు. ఏటేటా సెప్టెంబరు 17 వచ్చినప్పుడు ఒకరు విమోచనమంటారు, ఒకరు విలీనమంటారు, మరొకరు విద్రోహమంటారు. 2022లో రాష్ట్ర ప్రభుత్వం సమైక్యతా దినమన్నది, 2024లో ప్రజాపాలన దినమన్నది. కేంద్రం విమోచన దినమన్నది. పేర్ల జగడం పెద్దలది. కాని ఆ దినాన తరగతిలో కూర్చున్న ముసల్మాను విద్యార్థి, కాశిం రజ్వీ చేసిన పనికి తాను జవాబుదారీ అన్నట్లు తల వంచుకొని కూర్చొనవలసి వచ్చుట మాత్రం మన కళాశాల సమస్య. షోయబుల్లా ఖాన్ పేరు తెలిసిన విద్యార్థి తల వంచడు. బందగీ పేరు తెలిసిన పక్క బల్లవాడు అతని తల వంచనీయడు.

2024లో ‘రజాకార్’ అను చిత్రం థియేటర్లకు వచ్చినది. ఆ కాలపు అత్యాచారాలను అది తన దృష్టితో చూపినది. అత్యాచారాలు జరుగలేదని ఎవరనగలరు? దానిని చూడవద్దనిగాని, ఆపవలెననిగాని మేము అనము. చిత్రాలను ఆపుట కళాశాలల పని కాదు. దానిని చూచిన కన్నులతోనే ‘మా భూమి’ కూడ చూడండని మాత్రం అంటాము. ఒకదానిలో కనబడని దొర రెండవదానిలో కనబడును. ఒకదానిలో చోటు దొరకని మక్బూల్ రెండవదానిలో అక్షరాలు దిద్దించుచు కూర్చుండును. రెండును చూచిన పిదప విద్యార్థి ఏ అభిప్రాయానికి వచ్చినా అది వాని స్వంత అభిప్రాయమగును.

‘మా భూమి’ కమ్యూనిస్టుల చిత్రమనీ, కళాశాలలో పార్టీల ప్రచారం కూడదనీ పాలకవర్గంలో ఎవరైనా అనవచ్చును. కృష్ణచందర్ వామపక్షీయుడే, పోరాటాన్ని నడిపినది కమ్యూనిస్టు పార్టీయే, నాలుగువేలమంది ఆ పోరులో నేలకొరిగినారన్నదీ ఆ పార్టీ చెప్పిన లెక్కే. అదంతా దాచనవసరం లేదు. కాని ఒక పక్షం వ్రాసినందున నవల అసత్యం కాదు, పక్షం లేనందున పాఠ్యపుస్తకం సత్యమును కాదు. ఆ పార్టీ 1951 అక్టోబరులో పోరాటాన్ని విరమించినది. విరమించుట ఆలస్యమైనదా, తొందరైనదా అన్న తగవు వారిలోనే నేటికిని తెగలేదు. మన విద్యార్థులు ఆ తగవును కూడ వినదగినంత పెద్దవారే.

మేము కోరుచున్నది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. సెప్టెంబరు నెలకు ముందుగా ఒకనాడు ‘మా భూమి’ ప్రదర్శన ఏర్పాటు కావలెను. ఉర్దూ విభాగానికి వేరుగా, తెలుగు విభాగానికి వేరుగా కాక, ఒకే హాలులో, కలిసి కూర్చొనునట్లు. గ్రంథాలయానికి ‘జబ్ ఖేత్ జాగే’ ఉర్దూ ప్రతులు రెండైనా తెప్పించవలెను. దానిలో మొదటి అధ్యాయాన్ని, ఆ జైలు రాత్రిని, ఉర్దూ విద్యార్థులు చదివి అర్థం చెప్పగా తెలుగు విద్యార్థులు వ్రాయవలెను. ఇరువురికిని అర్థంకాని మాట వచ్చినచోట అధ్యాపకులు ఉండనే ఉన్నారు. మన సంచికలో ఉర్దూ పుటలు ఒక కొసనుండి, తెలుగు పుటలు మరొక కొసనుండి మొదలై నడుమ కలుస్తవి గదా. ఆ కలిసేచోట ఎప్పుడును ప్రకటనలో, ఖాళీ పుటయో ఉంటున్నది. వచ్చే ఏడు అక్కడ ఈ అనువాదం అచ్చు వేయవచ్చును. ఖాస్రా పహాణీ చదువుట నేర్పే రెండు వారాల తరగతి ఒకటి పెట్టినట్లయితే, ఉర్దూ చదివి ఏమి లాభమని అడిగేవారికి వేరే జవాబు చెప్పే పని తప్పుతుంది.

పెద్దల మాటలు సేకరించే పని మాత్రం వచ్చే ఏటికి వాయిదా వేయరాదు. 1948లో పదేండ్ల వయసున్నవారు ఇప్పుడు తొంబదికి చేరువలో ఉన్నారు. ప్రతి విద్యార్థి చేతిలోను ఫోనున్నది, అందులో ధ్వని ముద్రించే వసతి ఉన్నది. తెలుగు విద్యార్థి ఒకడు, ఉర్దూ విద్యార్థి ఒకడు జంటగా వెళ్ళవలెనని మా సూచన; ఒంటరిగా పోయినవానికి ఆ ముసలివారు చెప్పనిది, ఇద్దరు కలిసి పోతే చెప్పవచ్చును. ప్రదర్శన ఏ దినాన పెట్టవలెనన్నది పాలకవర్గంవారి ఇష్టం. ఆదివారమైతే పల్లెలనుండి బస్సులలో వచ్చే ఆడపిల్లలకు వీలుపడదు. చిత్రం నిడివి సుమారు రెండున్నర గంటలు గనుక, శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు మొదలుపెట్టినట్లయితే సాయంకాలపు బస్సులు అందును.